అందాలు అరకువి.. రాబడి ఎవరిది?

* ఒక్క పూట చూసి కొండ దిగుతున్న పర్యాటకులు
* బొంగు నరికేది గిరిజనుడు.. లాభం మూటగట్టేది మరొకరు
* మార్చవలసింది 1/70 చట్టాన్ని కాదు.. మన తీరును

అరకులోయ: కార్తీక మాసం మొదలైందంటే అరకులోయలో అడుగు తీసి అడుగు వేయడానికి సందు ఉండదు. ఉదయం విశాఖపట్నంలో బయలుదేరిన కిరండూల్ పాసింజరు దాదాపు నాలుగు గంటల ప్రయాణం తరువాత అరకు స్టేషనులో ఆగుతుంది. బోగీల నుంచి దిగిన జనం బయట వరుస తీరిన జీపులు, ఆటోల వైపు పరుగులు తీస్తారు. అక్కడి నుంచి గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, దారిలో ఒక బొంగు చికెన్, తిరుగుదారిలో బొర్రా గుహలు. పొద్దుగూకేసరికి ఘాట్ దిగిపోవడం. విశాఖ నుంచి వచ్చే సగటు పర్యాటకుడి అరకు యాత్ర ఇంతటితో పరిసమాప్తం. చలికాలం ఆదివారాల్లోనైతే ఈ కాస్త చూడటానికి కూడా వాహనాల రద్దీలో గంటలు కరిగిపోతాయి.

చూసిన వారికి ఆనందమే. అయితే ఆ ఒక్క రోజులో వారు ఖర్చు చేసిన సొమ్ములో ఎంత భాగం ఈ లోయలో మిగిలిందన్నదే ప్రశ్న. ఆంధ్రా ఊటీగా పేరొందిన అరకు, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన నాటి నుంచి సొంత జిల్లాకు ప్రధాన పర్యాటక కేంద్రమైంది. పరిశ్రమలు లేని, గనులు వద్దని జనమే అడ్డుకున్న మన్యంలో వ్యవసాయం తరువాత చెప్పుకోదగిన ఆదాయ మార్గం పర్యాటకమే. అందుచేత ఆ రాబడి ఎవరి చేతికి వెళుతోందన్నది కేవలం లెక్కల వ్యవహారం కాదు. గిరిజనుల బతుకుతెరువుకు సంబంధించిన విషయం.

పది రోజుల తేడాలో రెండు దృశ్యాలు

2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు అరకులో చలి ఉత్సవం జరిగింది. థింసా నృత్యాలు, కళా ప్రదర్శనలు, తినుబండారాల దుకాణాలతో లోయ కళకళలాడింది. సరిగ్గా పది రోజులు తిరగకముందే, ఫిబ్రవరి 11, 12 తేదీల్లో అదే లోయ నిర్మానుష్యమైంది. మన్యమంతటా గిరిజన సంఘాలు 48 గంటల బంద్ పాటించాయి. దుకాణాలు మూతపడ్డాయి. బస్సులు నిలిచిపోయాయి.

కారణం విదితమే. జనవరి నెలాఖరున విశాఖపట్నంలో జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సదస్సులో శాసనసభాపతి అయ్యన్నపాత్రుడు, ఏజెన్సీలో పర్యాటకం ఎదగాలంటే 1/70 చట్టాన్ని సవరించవలసి ఉంటుందన్న అభిప్రాయం వెలిబుచ్చారు. కొండలు భగ్గుమన్నాయి. ఆ చట్టాన్ని సవరించే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు స్పష్టం చేయవలసి వచ్చింది.

ఉత్సవంలో థింసా ఆడినదీ, బంద్‌లో రోడ్డెక్కినదీ ఒకే జనం. పర్యాటకులు రావడం వారికి ఇష్టమే. ఆ వంకతో కాళ్ల కింది నేల కదిలిపోతుందేమోనన్నదే వారి భయం. ఈ రెండింటినీ కలిపి చూడకుండా పర్యాటకాభివృద్ధి గురించి ఎన్ని సదస్సులు పెట్టినా ప్రయోజనం శూన్యం.

చూసేవి కొన్నే.. చూడనివి ఎన్నో

అరకు అందం అరకు ఊరిలో కన్నా దారిలోనే ఎక్కువ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. ఖనిజం కోసం వేసిన ఈ లైనే పర్యాటకుడికి వరమైంది. 2017 ఏప్రిల్‌లో అద్దాల బోగీ ప్రవేశపెట్టిన తరువాత రైలు ప్రయాణమే ఒక చూడదగిన వింతగా మారింది. దారిలో ఎదురయ్యే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. వెళ్లేటప్పుడు రైలులో, వచ్చేటప్పుడు రోడ్డు మార్గంలో ప్రయాణిస్తే రెండు రకాల అందాలూ చూడవచ్చునని తెలిసినవారు చెప్పే మాట.

గోస్తనీ నది పుట్టినచోట సున్నపురాయి కరిగి ఏర్పడిన బొర్రా గుహలు అనంతగిరి మండలంలో ఉన్నాయి. పైకప్పు నుంచి ఒక్కొక్క చుక్కగా జారిన నీరు వేల ఏళ్లపాటు పేరుకుని శిలగా మారిన ఆకృతులు చూసి తీరవలసినవే. ఒక మాట మాత్రం పర్యాటకులు గుర్తుంచుకోవాలి. ఈ గుహలున్న అనంతగిరి మండలంలోనే గనుల లీజులపై తలెత్తిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997 జులైలో సమత తీర్పుగా వెలువడింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకివ్వరాదని ఆ తీర్పు తేల్చింది. ఆ తీర్పే లేకుంటే ఈ కొండలు ఈనాడు ఇలా ఉండేవా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఊరిలోని గిరిజన మ్యూజియం 1996లో ఏర్పాటైంది. మట్టి బొమ్మలతో తీర్చిన గిరిజన జీవన దృశ్యాలు, వేట పనిముట్లు, నగలు ఇక్కడ చూడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు నెలకొల్పిన తోటే నేటి పద్మాపురం ఉద్యానవనం. చెట్లపై కట్టిన కుటీరాలు, పిల్లల రైలు దీని ప్రత్యేకతలు. పాడేరు దారిలోని చాపరాయి వాగు, సుంకరమెట్ట వద్ద కాఫీ తోటల నడుమ చెక్క వంతెన, ఘాట్ మలుపులో గాలికొండ వ్యూ పాయింటు కూడా రద్దీగానే ఉంటున్నాయి.

వీటిని దాటి వెళ్లేవారు మాత్రం తక్కువ. తెల్లవారుజామున మాడగడ కొండపై నిలబడితే కాళ్ల కింద మంచు మేఘాలు పాలసముద్రంలా కదులుతాయి. అక్కడి గిరిజన మహిళలు పర్యాటకులకు సంప్రదాయ చీరకట్టు కట్టి, వారితో కలిసి థింసా అడుగులు వేసి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. పెదలబుడులో గిరి గ్రామదర్శిని ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో లోయంతా పసుపు పరచినట్లు పూసే వలిసె చేలలో ఫొటోలు దిగేందుకు రైతులు కొద్దిపాటి రుసుము తీసుకుంటున్నారు. నూనెగింజ పంటగా వలిసె గిట్టుబాటు కాక విత్తడం తగ్గించిన రైతుకు ఇదొక ఊరట. చెప్పుకోవడానికి చిన్న సొమ్మే అయినా, మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా గిరిజనుడి చేతిలో పడుతున్నదన్న విషయం గమనార్హం. అయితే సూర్యోదయం చూడాలంటే రాత్రి అరకులోనే బస చేయాలి. ఉదయం రైలుకు వచ్చి సాయంత్రం దిగిపోయే వారికి మాడగడ మేఘాలు కనిపించవు. వారి సొమ్ము మాడగడకు చేరదు.

తినేది ఒకటి.. పండేది మరొకటి

అరకు అనగానే నోరూరించేది బొంగులో చికెన్. ఉప్పు, కారం, మసాలా పట్టించిన కోడి మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె అక్కరలేదు. పచ్చి వెదురులోని తేమకే ముక్క ఉడికి, ఆ వాసన ముక్కకు పడుతుంది. అడవికి వెళ్లిన గిరిజనులు గిన్నె మోసుకెళ్లే పని లేకుండా కనిపెట్టుకున్న వంట ఇది. టైడా మొదలు అరకు వరకు రోడ్డు వారన బొంగులు కాలుతూనే ఉంటాయి. వాటి పక్కనే చీకులు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు.

ఇంత ఆదరణ ఉన్న వంటకంలో గిరిజనుడి వాటా ఎంత? చాలా బడ్డీలలో కాలుతున్నది మైదానం నుంచి వచ్చే ఫారం కోడి. మసాలా పొట్లం మైదానానిదే. అడవి నుంచి వచ్చేది బొంగు ఒక్కటే. దాన్ని నరికి మోసుకొచ్చే గిరిజనుడికి దక్కేది అంతంతమాత్రం. మరోవైపు సంతలో గిరిజన మహిళలు బుట్టల్లో తెచ్చిన నాటుకోళ్లను కొండ కిందికి కొనుక్కుపోయే వర్తకులు ఎదురుచూస్తుంటారు. కొండ కోడి కిందికి దిగుతుంది. కింది కోడి కొండెక్కి బొంగులో చేరుతుంది. ఈ విడ్డూరాన్ని రోజూ చూస్తున్నవారికి ఇది విడ్డూరమనిపించడం కూడా మానేసింది. ఇక బొంగు కోసం లేత వెదురును విచక్షణారహితంగా నరికివేస్తే కొన్నేళ్లకు బొంగూ దొరకదు, చికెనూ ఉండదు. ఇంటి పెరళ్లలో, బంజర్లలో వెదురు పెంపకాన్ని ప్రోత్సహించడం తక్షణావసరం.

మెస్సుల్లో, హోటళ్లలో వడ్డించే భోజనం సంగతి చెప్పనక్కరలేదు. విశాఖలో దొరికే అన్నం, పప్పు, బిర్యానీలే ఇక్కడా దొరుకుతాయి. ఈ కొండలపై పండే సామలు, కొర్రలు, చోళ్లు మాత్రం విస్తట్లో కనిపించవు. గిరిజనుల ఇళ్లలో పొద్దున్నే తాగే చోడి అంబలి, సామల అన్నం, పనసకాయ కూర, రాజ్‌మా గింజల కూర, అడవి దుంపలు.. వీటిలో ఏ ఒక్కటైనా తినాలని పర్యాటకుడు అడిగితే చూపించడానికి ఒక పూటకూళ్ల ఇల్లయినా దొరకడం కష్టం. నగరాల్లో చిరుధాన్యాల భోజనానికి మంచి ధర పెట్టి తింటున్న ఈ కాలంలో, అవి పండేచోటే వాటికి చోటు లేకపోవడం శోచనీయం. అడ్డాకులు కుట్టే చేతులు పక్కనే ఉండగా భోజనాలు ప్లాస్టిక్ పూత పూసిన పళ్లేలలో పెట్టడం మరీ విచారకరం.

కాఫీకి కీర్తి.. రైతుకు కొత్త గుబులు

అరకు పేరును ప్రపంచపటం మీద నిలిపింది కాఫీ. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2024 జూన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ మన్‌ కీ బాత్‌లో ఈ కాఫీని ప్రస్తావించారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్లు వెలిశాయి. ఏజెన్సీలో రెండు లక్షల ఎకరాలకు పైగా విస్తరించిన ఈ తోటలు చిన్న చిన్న కమతాలు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే అల్లుకున్న మిరియాల తీగ. ఒకే నేలలో రెండు రాబడులు.

పోడు నరికి కొండలు బోడి కాకుండా కాపాడింది కూడా ఈ తోటలే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని కొనుగోలు చేస్తున్నది. కాఫీ పొడి, తేనె, మిరియాలు కొనదలచిన పర్యాటకులు ఆ సంస్థ దుకాణాల్లోనో, సంతలో నేరుగా గిరిజనుల వద్దనో కొంటే సొమ్ములో ఎక్కువ భాగం లోయలోనే ఉంటుంది. రోడ్డు వారన అరకు కాఫీ పేరుతో అమ్మే ప్రతి పొట్లమూ అరకుదేనని నమ్మడానికి లేదు. పొట్లంపై తయారీదారు వివరాలు, భౌగోళిక గుర్తింపు ముద్ర చూసి కొనడం ఉత్తమం.

ఇంతలోనే 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. ఈ చిన్న పురుగు కాయలోకి తొలుచుకుపోయి గింజలోనే గుడ్లు పెడుతుంది. లోపల ఉన్నందున మందు కొట్టినా చావడం కష్టం. పురుగు పట్టిన కాయలను ఏరి, వేడినీటిలో ముంచి, పాతిపెట్టడమే దారి. కాయల ద్వారా, గోనె సంచుల ద్వారా ఇది తోట నుంచి తోటకు పాకుతుంది. ఇక్కడే పర్యాటకుల బాధ్యత ఉంది. ఎర్రగా మెరిసే కాఫీ కాయలు కోసి జేబులో వేసుకోవడం, ఒక తోటలో కోసి మరో తోటలో పారేయడం సరదాగా కనిపించవచ్చు. ఆ సరదా ఒక రైతు ఏడాది కష్టాన్ని ముంచవచ్చు. అనుమతి లేనిదే తోటల్లోకి దిగరాదని, కాయలు ముట్టరాదని తెలిపే బోర్డులు ప్రతి తోట వద్దా ఉండాలి. సుంకరమెట్ట వంటి చోట్ల నిర్ణీత బాటలో నడిపించడమే క్షేమం.

బోర్డు మీద పేరొకరిది.. గల్లాపెట్టె మరొకరిది

1959 నాటి భూబదలాయింపు నిబంధనలను సవరిస్తూ వచ్చిన 1/70 ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడమూ చెల్లదు. మరి రోడ్డు వారన లేస్తున్న లాడ్జీలు, రిసార్టులు ఎవరివి? పత్రాల్లో గిరిజనుడి పేరు, పెట్టుబడి, లాభం మరొకరివిగా సాగుతున్న బినామీ వ్యవహారాలు తక్కువేమీ కాదని గిరిజన సంఘాలు ఏళ్లుగా ఆరోపిస్తున్నాయి. పేరు అరువిచ్చిన గిరిజనుడు ఆ లాడ్జీలోనే కాపలాదారుగా, గదులు ఊడ్చే పనివాడుగా మిగిలిపోతున్నాడన్నది వారి ఆవేదన.

చట్టం అడ్డుగా ఉన్నందునే పెట్టుబడులు రావడం లేదన్నది రెండో వర్గం వాదన. దీన్ని పూర్తిగా కొట్టివేయడానికి లేదు. 2024-29 పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెద్ద హోటళ్లు రావాలంటే భూమి కావాలి. అయితే ఒక ప్రశ్న. అరకుకు కావలసింది వంద గదుల హోటలా? వంద ఇళ్లలో ఒక్కొక్క గదా? పెద్ద హోటలు వస్తే ఉద్యోగాలు వస్తాయి, నిజమే. కానీ భూమి పోయిన గిరిజనుడికి మిగిలేది ఆ ఉద్యోగమే. ఇంటి పక్కన ఒక గది వేసుకుని అతిథిని నిలుపుకుంటే భూమీ ఉంటుంది, రాబడీ ఉంటుంది. 1/70 దీనికి అడ్డు కాదు.

అడ్డుగా నిలుస్తున్నవి వేరు. గిరిజనుడి భూమిని వేలం వేసినా గిరిజనేతరుడికి అమ్మే వీలుండదు కనుక అప్పులివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. గదికి మరుగుదొడ్డి, నీటి వసతి, కరెంటు ఉండాలి. వచ్చే అతిథికి గది బుక్ చేసుకునే మార్గం ఉండాలి. ఈ మూడింటినీ సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ భుజాన వేసుకుని, మహిళా సంఘాల ద్వారా రుణాలిప్పిస్తే చట్టాన్ని ముట్టుకోవలసిన అవసరమే రాదు.

ఘాట్‌లో ప్రాణాలు.. గెడ్డల్లో చెత్త

2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగి వెళుతున్న పర్యాటకుల బస్సు అనంతగిరి మండలం డముకు వద్ద లోయలో పడి నలుగురు మరణించారు. ఘాట్ అలవాటు లేని డ్రైవర్లు, చీకటి పడ్డాక మంచులో దిగడం, వాలులో బ్రేకు మీదే ఆధారపడటం ప్రమాదాలకు దారితీస్తున్నాయి. ఒక్క రోజులో అన్నీ చూసేయాలన్న తొందరే దీనికీ మూలం. రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516-ఈ జాతీయ రహదారి వల్ల వాహనాల రాక పెరుగుతుందే కానీ తరగదు. రోడ్డు వెడల్పయితే సరిపోదు. మలుపుల వద్ద రక్షణ గోడలు, ఘాట్ మొదట్లో వాహనాల తనిఖీ, అరకులో విశాలమైన పార్కింగ్ స్థలం కావాలి. తీవ్రంగా గాయపడినవారిని నేటికీ విశాఖకే తరలించవలసి రావడం మరో లోపం.

వచ్చినవారు విడిచివెళ్లేది సొమ్ము కన్నా చెత్తే ఎక్కువన్న మాట లోయలో వినిపిస్తోంది. వ్యూ పాయింట్ల కింద, చాపరాయి బండల మధ్య, గెడ్డల్లో నీళ్ల సీసాలు, మద్యం సీసాలు పేరుకుపోతున్నాయి. ఆ గెడ్డ నీరే దిగువ గ్రామాల తాగునీరు. పగిలిన గాజుపెంకు గుచ్చుకునేది చెప్పుల్లేని గిరిజన బాలుడి కాలికే. ఊడ్చే భారమంతా పంచాయతీపై పడుతోంది. సందర్శన రుసుములో కొంత వాటాను నేరుగా ఆయా గ్రామసభల ఖాతాల్లో వేస్తే, శుభ్రం చేసే పని కూడా ఊరి వారికే ఉపాధి అవుతుంది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అభివృద్ధికి కేటాయించాలని సమత తీర్పు చెప్పింది. తీర్పు గనుల గురించే కావచ్చు. కొండను తవ్వి సంపాదించినదానికి వర్తించిన న్యాయం, కొండను చూపి సంపాదించినదానికి ఎందుకు వర్తించకూడదన్నది గిరిజనం అడగదగిన ప్రశ్నే.

వచ్చేవారికి ఒక మాట

వీలైతే శని, ఆదివారాలు కాకుండా పనిదినాల్లో రండి. ఒక్క రోజు కాక రెండు రోజులు ఉండండి. మొదటి రోజు రైలులో వచ్చి మ్యూజియం, ఉద్యానవనం చూసి రాత్రి బస చేయండి. తెల్లవారుజామున మాడగడ ఎక్కండి. వారపు సంత పడితే అక్కడ అల్లం, పసుపు, పిప్పళ్లు, కొండచీపుళ్లు బేరమాడకుండా కొనండి. చాపరాయి వద్ద నాచు పట్టిన బండలపై జాగ్రత్త. వానాకాలంలో వాగులోకి దిగకపోవడమే మేలు. బొంగు చికెన్ తినేచోట నాటుకోడి ఉందా అని అడగండి. పదిమంది అడిగితే పదకొండో వారికి దొరుకుతుంది. తోటి మనుషుల ఫొటో తీసేముందు వారి అనుమతి తీసుకోవడం కనీస మర్యాద. చీకటి పడకముందే ఘాట్ దిగండి.

ఇక పాలకులు చేయవలసింది. గిరిజనుల ఇళ్లలో అతిథి గదులకు రుణం, చిరుధాన్యాల భోజనశాలలకు మహిళా సంఘాలకు స్థలం, సందర్శన రుసుములో గ్రామసభలకు వాటా, బినామీ లాడ్జీలపై నిష్పాక్షిక విచారణ. ఇందులో కొత్త చట్టం చేయవలసినదేదీ లేదు. ఉన్నదాన్ని మనసుపెట్టి అమలు చేస్తే చాలు. చలి ఉత్సవంలో థింసా ఆడిన వారు తిరిగి బంద్ జెండాలు పట్టవలసిన అవసరం రాకూడదంటే, లోయకు వచ్చే ప్రతి రూపాయిలోనూ లోయకు న్యాయమైన వాటా ఉండాలి. అప్పుడే అరకు అందం అరకు వారికి కూడా అన్నం పెడుతుంది.